తలంబ్రాల దగ్గర తడబడే వీడియో



ఒక హెచ్‌డీ వీడియో ఫార్మాట్ సత్తా ఎంతో తేల్చడానికి ప్రయోగశాల అక్కర్లేదు. తెలుగువారి పెళ్ళిపందిట్లో తలంబ్రాల ఘట్టం చాలు. పసుపు కలిపిన బియ్యం దోసిళ్ళ కొద్దీ గాల్లోకి లేస్తుంది. వందల గింజలు, ఒక్కోదానిది ఒక్కో దారి. నాలుగు వైపుల నుంచీ ఫొటోగ్రాఫర్ల ఫ్లాష్‌లు. వెనక ఎర్ర పట్టుచీర అంచు, నుదుట కల్యాణ తిలకం, బాసికాల తళుకు. కంటికి అదంతా పండగే. కెమెరాలో బొమ్మను కుదించే యంత్రానికి మాత్రం చెమటలు పట్టేది అప్పుడే. కొన్నాళ్ళకు ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరతారు. మంత్రాలు చదువుతున్నంతసేపూ ముచ్చటగా సాగిన బొమ్మ సరిగ్గా తలంబ్రాల దగ్గరకొచ్చేసరికి మసకబారుతుంది. గింజలన్నీ కలిసి పసుపు ముద్దవుతాయి. పెళ్ళికూతురి చెంప మీద చిన్న చిన్న గళ్ళు పడతాయి. అందరూ కెమెరామన్‌ను తిడతారు. పాపం, అతని చెయ్యి వణకలేదు.

అసలు బొమ్మను కుదించడమెందుకు? లెక్క వేస్తే తెలుస్తుంది. పూర్తి హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. రెంటినీ గుణిస్తే దాదాపు 20 లక్షల 74 వేలు. స్టూడియో లెక్కలో ఒక్కో చుక్కకు కనీసం రెండు బైట్లు వేసుకోవాలి. మన దేశపు టీవీలో సెకనుకు 25 ఫ్రేములు. అన్నీ కలిపితే సెకనుకు దాదాపు 104 మెగాబైట్లు, గంటకు 373 గిగాబైట్లు. ఆరు గంటల పెళ్ళి తంతును ఏదీ వదలకుండా దాచాలంటే రెండు టెరాబైట్లు దాటిపోతుంది. 2005లో ఇంటి కంప్యూటర్‌కు దొరికే పెద్ద హార్డ్‌డిస్క్ 500 గిగాబైట్లు. అలాంటివి ఐదు కొంటే గానీ ఒక్క పెళ్ళి పట్టదు. కొన్నా లాభం లేదు, సెకనుకు 104 మెగాబైట్లు ఆగకుండా అందించే వేగం వాటిలో ఏ ఒక్కదానికీ లేదు.

కుదింపు విద్యకు మూలం ఒక గణిత సూత్రం. పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డీసీటీ. బెంగళూరులో పుట్టి అమెరికాలో ఆచార్యుడైన నాసిర్ అహ్మద్‌కు 1972లో ఈ ఆలోచన వచ్చింది. పరిశోధనకు డబ్బివ్వమని అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను అడిగితే, మరీ తేలిక విషయమన్నట్టు తిప్పి పంపారు. ఆయన వదల్లేదు. తన విద్యార్థి టి. నటరాజన్‌తో, స్నేహితుడు కె.ఆర్. రావుతో కలిసి పని ముగించాడు. 1974 జనవరిలో వ్యాసం అచ్చయింది. ఈ కె.ఆర్. రావు పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పాఠాలు చెప్పారు. ఆ ఇంటిపేరు వినగానే తెలుగు శ్రోతల చెవులు నిక్కబొడుచుకుంటే తప్పేమీ లేదు. ఫోన్లో పంపుకునే ఫొటో నుంచి ఇంట్లో ఆడే డీవీడీ దాకా ఆ ముగ్గురి లెక్క మీదే నడుస్తాయి.

డీసీటీ చేసే పని చెప్పుకోవడానికి చిన్నదే. బొమ్మను అడ్డంగా ఎనిమిది, నిలువుగా ఎనిమిది చుక్కల గళ్ళుగా కోస్తారు. ఒక్కో గడిలో నెమ్మదిగా మారే వెలుగునూ, గబగబా మారే సన్నని వివరాలనూ ఈ సూత్రం విడదీసి పెడుతుంది. ఆ సన్నని వివరాల్లో కంటికి పెద్దగా ఆననివాటిని పారేస్తారు. వెల్ల వేసిన గోడ, మబ్బులేని ఆకాశం తేలిగ్గా కుదురుతాయి. తలంబ్రాలు కుదరవు, అక్కడ ఉన్నవన్నీ సన్నని వివరాలే. పారేయడం హద్దు మీరిందంటే గళ్ళ అంచులే తెర మీద బయటపడతాయి. పెళ్ళికూతురి చెంప మీద కనిపించినవి అవే.

ఇంతవరకూ చాలా ఫార్మాట్లదీ ఒకటే దారి. అవి విడిపోయేది తర్వాతి అడుగులో. పాల పద్దు రాసే ఇల్లాలిని తలుచుకుంటే విషయం అర్థమవుతుంది. ఒక ఇల్లాలు ప్రతిరోజూ తేదీ, లీటర్లు, రేటు, మొత్తం అన్నీ పూర్తిగా రాస్తుంది. ఇంకో ఇల్లాలు ఒకటో తారీఖున మాత్రం అన్నీ రాసి, మర్నాటి నుంచి “పైదే”, “పైదే, అర లీటరు ఎక్కువ” అని రాసుకుంటూ పోతుంది. రెండో ఆమె పుస్తకం సన్నగా ఉంటుంది. కానీ తొమ్మిదో తారీఖున ఎన్ని పాలు పోయించుకుందో తెలియాలంటే ఒకటో తారీఖు మీద వేలు పెట్టి కిందికి చదువుకుంటూ రావాలి. ఆ ఒకటో తారీఖు వరస మీద కాఫీ ఒలికిందా, మిగతా లెక్కంతా గల్లంతే.

మొదటి తరహా వీడియోను ఇంట్రాఫ్రేమ్ అంటారు. రెండోది లాంగ్ గాప్. గాప్ అంటే ఫ్రేముల గుంపు. అందులో మొదటి ఫ్రేము ఒక్కటే సంపూర్ణం, మిగిలినవి దాని మీద ఆధారపడినవి. వాటిలోనూ కొన్ని వెనక ఫ్రేముతో పాటు రాబోయే ఫ్రేమును కూడా చూసి రాసినవి. అంటే “మొన్నటికీ ఎల్లుండికీ మధ్యస్థం” అన్నట్టు. చూసేవాడికి ఈ గొడవ అక్కర్లేదు, బొమ్మ వరసగానే నడుస్తుంది. ఎడిటర్‌కు మాత్రం తలనొప్పంతా ఇక్కడే మొదలవుతుంది.

2003లో కెనన్, జేవీసీ, షార్ప్, సోనీ కలిసి ప్రకటించిన హెచ్‌డీవీ ఈ లాంగ్ గాప్ తరహాదే. అప్పటికే మినీ డీవీ క్యాసెట్లు పెళ్ళి వీడియోల ప్రపంచాన్ని ఏలుతున్నాయి. 1995లో వచ్చిన డీవీ సెకనుకు 25 మెగాబిట్లు రాసేది, ప్రతి ఫ్రేమునూ దేనికదే కుదించేది. అదే క్యాసెట్ మీద, అదే 25 మెగాబిట్లలో, అంతకు ఐదు రెట్ల చుక్కలున్న హెచ్‌డీ బొమ్మను కూరుతామన్నారు. కూరారు కూడా. అందుకోసం అడ్డంగా 1920 చుక్కలను 1440కి తగ్గించారు. రంగుల వివరాలను కోశారు. మన దేశపు లెక్కలో 12 ఫ్రేములకొక గుంపు కట్టారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు కాబట్టి, ముందు చెప్పుకున్న పూర్తి లెక్కతో పోలిస్తే ఇది ముప్పైమూడో వంతు. సోనీ ఎఫ్ఎక్స్1, జడ్1 లాంటి కెమెరాలతో చిన్న ఊళ్ళ స్టూడియోలు కూడా హెచ్‌డీ బోర్డు కట్టుకోగలిగాయంటే ఈ ఫార్మాట్ పుణ్యమే. దాన్ని ఈసడించేవాళ్ళు ఆ సంగతి మరిచిపోకూడదు.

అయితే తలంబ్రాలు పడేటప్పుడు “పైదే” అని రాయడానికి ఏముంటుంది? ఏ గింజా నిన్నటి చోట లేదు. పైగా ఫ్లాష్ వెలిగిన ఫ్రేము తెల్లగా పాలిపోతుంది, తర్వాతది మళ్ళీ మామూలు. రెంటికీ పోలికే ఉండదు. దృశ్యం ఎంత గందరగోళమైనా ఇచ్చే 25 మెగాబిట్లు పెరగవు. యంత్రం చేతికందింది పారేసి గండం గట్టెక్కుతుంది. క్యాసెట్ మీద చిన్న గీత పడితే ఇంకో కష్టం. డీవీలో ఒక ఫ్రేములో నాలుగు గళ్ళు పాడయ్యేవి, కన్ను ఆర్పేలోపు పోయేవి. హెచ్‌డీవీలో అదే గీత గుంపు మొదట్లో పడితే 12 ఫ్రేములూ పోతాయి. దాదాపు అర సెకను బొమ్మ బిగుసుకుపోతుంది. అర సెకనే కదా అనుకోవచ్చు. మూడు ముళ్ళలో ఒక ముడి పడే వేళ అదే.

ఇక మిక్సింగ్ సంగతి. తెలుగు ఊళ్ళలో పెళ్ళి వీడియో ఎడిటింగ్‌ను మిక్సింగ్ అనే అంటారు. గుంపులో ఏడో ఫ్రేము దగ్గర కత్తెర వేయాలంటే కంప్యూటర్ మొదటి ఫ్రేము నుంచి విప్పుకుంటూ రావాలి. వెనక్కి నడిపించి చూడాలన్నా అదే తంతు. కత్తెర పడ్డాక ఆ గుంపు తెగిపోతుంది, దాన్ని మళ్ళీ కట్టాలి. 2005లో వచ్చిన ఫైనల్ కట్ ప్రో ఐదో వెర్షన్ హెచ్‌డీవీని ఉన్నదున్నట్టుగా ఎడిట్ చేయనిచ్చింది. బదులుగా అంతా ముగిశాక గుంపులన్నీ తిరిగి కట్టడానికి సుదీర్ఘంగా కూర్చోబెట్టేది. పూల వర్షం ఎఫెక్టో, పేర్ల టైటిలో, ఒక షాట్ ఇంకో షాట్లోకి కరిగే డిజాల్వో వేస్తే, ఆ భాగాన్ని విప్పి మళ్ళీ కుదించక తప్పదు. ఒకసారి ముప్పైమూడో వంతుకు నలిగిన బొమ్మను రెండోసారి అదే రోట్లో వేయడమన్నమాట.

రంగుల విషయం ఇంకాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. రేడియోలో పటం గీసి చూపే వీలు లేదు కాబట్టి శ్రోతలు నాలుగు చుక్కలను పక్కపక్కనే ఊహించుకోవాలి. మనిషి కన్ను వెలుగునీడల తేడాను పట్టుకున్నంత చురుగ్గా రంగు తేడాను పట్టుకోలేదు. అందుకని ఆ నాలుగు చుక్కలకూ వెలుగు విడివిడిగా రాసి, రంగు మాత్రం రెండేసి చుక్కలకు కలిపి రాస్తారు. దీన్నే 4:2:2 అంటారు. 4:2:0లో ఇంకో పొదుపు ఉంది. కింది వరస చుక్కలు కూడా పై వరస రంగునే అరువు తెచ్చుకుంటాయి. హెచ్‌డీవీది ఈ రెండో పద్ధతి. మామూలు దృశ్యంలో ఎవరూ కనిపెట్టరు. ఎర్ర పట్టుచీర అంచు దగ్గర, తిలకం చుట్టూ మాత్రం రంగు రంపపు పళ్ళలా తేలుతుంది. ఆకుపచ్చ తెర ముందు మనిషిని నిలబెట్టి వెనక ఇంకో బొమ్మ అతికించేటప్పుడైతే ఈ లోపం దాగదు. జుట్టు చుట్టూ పచ్చని అంచు మిగిలిపోతుంది. టీవీ స్టూడియోలు 4:2:2 కోసం పట్టుబట్టేది అందుకే.

పానాసోనిక్ ఇంకో దారి పట్టింది. దాని డీవీసీప్రో హెచ్‌డీ సెకనుకు 100 మెగాబిట్లు తీసుకుంటుంది, 4:2:2 రంగు, ప్రతి ఫ్రేమూ దేనికదే. ఇందులోనూ 1920 చుక్కలు 1440కే తగ్గాయి గానీ, ఎడిటర్ చేతిలో వెన్నలా మెలిగేది. ఆ సంస్థ 2005లో ప్రకటించిన హెచ్‌వీఎక్స్200 కెమెరా ఈ ఫార్మాట్‌ను పీ2 అనే మెమరీ కార్డు మీద రాసేది. అన్నీ బాగున్నాయి, ఒక్కటి తప్ప. 8 గిగాబైట్ల కార్డులో పట్టేది 8 నిమిషాలు. జీలకర్ర బెల్లం దగ్గర మొదలుపెడితే మాంగల్యధారణ వేళకు కార్డు మార్చాల్సిందే. సినిమా వాళ్ళకూ డాక్యుమెంటరీ వాళ్ళకూ అది నప్పింది, పురోహితుడు ఎవరి కోసమూ ఆగని పెళ్ళికి నప్పలేదు.

ఇక్కడొక విచిత్రం ఉంది. బొమ్మ తీయడానికి అనువైన ఫార్మాట్ ఎడిటింగ్‌కు అనువు కానప్పుడు, రెండూ ఒకటే ఎందుకు కావాలి? ఈ ప్రశ్నకు జవాబుగా పుట్టినవే, ఎడిటింగ్ కోసం బొమ్మను కుదించి విప్పే పద్ధతులైన మధ్యంతర కోడెక్‌లు. ఏవిడ్ సంస్థ 2004లో డీఎన్ఎక్స్‌హెచ్‌డీని ప్రకటించింది. ఆపిల్ 2007 ఏప్రిల్‌లో ఫైనల్ కట్ స్టూడియో 2తో పాటు ప్రోరెస్ 422ను తెచ్చింది. కెమెరా నుంచి వచ్చిన హెచ్‌డీవీని ముందు వీటిలోకి మార్చి, ఆ తర్వాత కత్తెర పట్టమన్నారు. మారిస్తే ఫైలు ఉబ్బుతుంది. సెకనుకు 25 మెగాబిట్ల బొమ్మ ప్రోరెస్‌లో 122 మెగాబిట్లవుతుంది. గంటకు 11 గిగాబైట్లున్నది 55 దాకా పోతుంది. మొదట్లో మిక్సింగ్ కుర్రాళ్ళు దీన్ని చూసి రెండు రకాలుగా పొరబడ్డారు. సగం మంది అనవసరంగా డిస్క్ తింటోందన్నారు. మిగతా సగం మంది ఫైలు పెద్దదైంది కాబట్టి బొమ్మ కూడా మెరుగైందనుకున్నారు.

దోసెలు పోసే ఇంట్లో ఈ పొరపాటు జరగదు. బియ్యం సంచిలో ఉన్నంతసేపూ కాస్త చోటు చాలు. నానబోసి రుబ్బాక అదే బియ్యానికి ఇంకా పెద్ద గిన్నె కావాలి. గిన్నె పెద్దదైనంత మాత్రాన నాసి బియ్యం సన్నబియ్యం అయిపోదు. కానీ దోసె పోయాలంటే పిండే కావాలి, బియ్యం పెనం మీద చల్లి లాభం లేదు. హెచ్‌డీవీని ప్రోరెస్‌కు మార్చడం రుబ్బడం లాంటిదే. పోయిన వివరం తిరిగి రాదు. కాకపోతే ఇక మీదట రంగులు సరిదిద్దినా, పొర మీద పొర వేసినా కొత్తగా పోయేది చాలా తక్కువ. ప్రతి ఫ్రేమూ స్వతంత్రం కాబట్టి కత్తెర ఎక్కడ పడినా కంప్యూటర్ జంకదు. సెకనుకు 122 మెగాబిట్లంటే 15 మెగాబైట్లే, ఆనాటి మామూలు డిస్క్ కూడా రెండు మూడు వరసలు ఒకేసారి ఆడించగలదు.

డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, ప్రోరెస్‌లలో ఏది మేలని అడిగితే, బొమ్మలో తేడా వెతకడం వృథా. డీఎన్ఎక్స్‌హెచ్‌డీ మన 25 ఫ్రేముల లెక్కలో 120, 185 మెగాబిట్ల మెట్లలో దొరుకుతుంది. ప్రోరెస్‌లో మామూలుది 122, హెచ్‌క్యూ 184. పక్కపక్కన పెట్టి చూస్తే గుర్తుపట్టడం కష్టం. స్వభావంలో మాత్రం తేడా ఉంది. డీఎన్ఎక్స్‌హెచ్‌డీ ప్రతి ఫ్రేముకూ సమానంగా చోటిస్తుంది, డిస్క్ ఎప్పుడు నిండుతుందో ముందే చెప్పేయొచ్చు. ప్రోరెస్ అవసరాన్ని బట్టి హెచ్చుతగ్గులుగా ఇస్తుంది, పైగా 422 మెట్టు నుంచే 10 బిట్ల రంగును, అంటే మరింత సన్నని ఛాయలను, దాస్తుంది. అసలు తేడా రాజకీయం. డీఎన్ఎక్స్‌హెచ్‌డీ 2008లో వీసీ-3 పేరుతో సినిమా, టీవీ ఇంజినీర్ల సంఘం ఎస్ఎంపీటీఈ ప్రమాణమైంది, మ్యాక్ మీదా విండోస్ మీదా పనిచేసింది. ప్రోరెస్ రాయడం మాత్రం చాలా ఏళ్ళు మ్యాక్ సొత్తుగానే ఉండింది. అడోబీ ప్రీమియర్ విండోస్‌లో అధికారికంగా ప్రోరెస్ రాయగలిగింది 2018 చివర్లో. అయినా గెలిచింది ప్రోరెస్సే. 2010లో వచ్చిన ఆరి అలెక్సా కెమెరా నేరుగా ప్రోరెస్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టాక, మధ్యంతర ఫార్మాట్ కాస్తా మొదటి ఫార్మాట్ కూడా అయి కూర్చుంది. పిండి రూపంలోనే పండే వరి లాంటిదన్నమాట.

మ్యాక్ కొనే స్తోమత లేని తెలుగు మిక్సింగ్ సెంటర్లు ఈ పోటీకి దూరంగా ఎడియస్‌తో కాపురం చేశాయి. జపాన్‌లోని కోబె నగరానికి చెందిన కనోపస్ సంస్థ చేసిన ఈ సాఫ్ట్‌వేర్ పెళ్ళి వీడియోల్లో పాతుకుపోయింది. దాని వెంట వచ్చిన కనోపస్ హెచ్‌క్యూ కూడా మధ్యంతర కోడెకే. పేరు ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు గానీ, మామూలు విండోస్ పెట్టె మీద రెండర్ కోసం ఎదురుచూడకుండా పని నడిపించింది. సినీఫామ్ అనే ఇంకో మధ్యంతర కోడెక్ కథ వేరు. అది బొమ్మను గళ్ళుగా కోయదు, మొత్తాన్ని వేవ్‌లెట్ అనే పద్ధతిలో కుదిస్తుంది. హద్దు మీరినప్పుడు గళ్ళకు బదులు బొమ్మ మెత్తబడుతుంది, కంటికి అదే నయం. గోప్రో సంస్థ 2011లో దాన్ని కొనుక్కుని, 2017లో అందరికీ ఉచితంగా విడిచిపెట్టింది.

పెళ్ళి సంబంధానికి అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమంటారు పెద్దలు. జెనీవాలోని యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ ఇంజినీర్లకు ఈ సామెత తెలిసే అవకాశం లేదు గానీ, చేసింది సరిగ్గా అదే. ఏవిడ్ డీఎన్ఎక్స్‌హెచ్‌డీ, పానాసోనిక్ ఏవీసీ-ఇంట్రా, సోనీ ఎక్స్‌డీక్యామ్ హెచ్‌డీ422 లాంటి ఫార్మాట్లను వరసగా ఏడు తరాల దాకా కుదించి, విప్పి, మళ్ళీ కుదించి చూశారు. ప్రతి తరానికీ బొమ్మను కాస్త పక్కకు జరిపారు. గళ్ళు పాత చోటే పడితే నష్టం సరిగ్గా బయటపడదు కదా. చివరికి 2008లో ఇచ్చిన సిఫారసు సూటిగా ఉంది. ముఖ్యమైన కార్యక్రమాలకు రంగు 4:2:2 ఉండాలి, 1920ను తగ్గించకూడదు. హెచ్‌డీవీ వాడే ఎంపెగ్-2 లాంగ్ గాప్ తరహా అయితే కనీసం 50 మెగాబిట్లు, ఇంట్రాఫ్రేమ్ అయితే కనీసం 100. ఆ తూకంలో హెచ్‌డీవీ సహజంగానే తేలిపోయింది.

ఈలోగా కెమెరాలు ఇంకా గట్టిగా కుదించడం నేర్చుకున్నాయి. 2006లో సోనీ, పానాసోనిక్ తెచ్చిన ఏవీసీహెచ్‌డీ, హెచ్.264 పద్ధతిలో 24 మెగాబిట్ల లోపే పని ముగించేది. బొమ్మ హెచ్‌డీవీ కన్నా శుభ్రం. విప్పడానికి మాత్రం అప్పటి కంప్యూటర్లు ఆపసోపాలు పడేవి, టైమ్‌లైన్ మీద వేలు పెడితే బొమ్మ కదిలేది కాదు. తర్వాత 2008లో వచ్చిన కెనన్ 5డి మార్క్ 2, ఫొటోల కెమెరాతోనే సినిమా లాంటి బొమ్మను చూపించింది. రామ్ గోపాల్ వర్మ 2011లో “దొంగల ముఠా”ను ఇలాంటి కెనన్ కెమెరాలతో ఐదు రోజుల్లో చుట్టేశారు. ఆ 5డి లోపల రాసేది కూడా 8 బిట్ల 4:2:0 రంగే, సెకనుకు 40 మెగాబిట్లకు అటూ ఇటూ. వెలుగు చూసుకుని తీస్తే వెండితెర దాకా నిలబడుతుంది, రంగులు ఎడాపెడా మారిస్తే ఆకాశంలో మెట్లు మెట్లుగా చారలు తేలతాయి.

ఇవాళ్టి యంత్రాలు హెచ్.264ను అవలీలగా విప్పుతాయి, అందుకోసం చిప్‌లోనే ప్రత్యేక భాగముంది. దాంతో మధ్యంతర కోడెక్‌లోకి మార్చుకునే పని ఇక అక్కర్లేదని చాలామంది తేల్చేశారు. అది తొందరపాటు. 10 బిట్ల 4:2:2 హెచ్.265 ఫుటేజీని మూడు కెమెరాల నుంచి తెచ్చి ఒకే టైమ్‌లైన్ మీద పరిస్తే ఖరీదైన కంప్యూటర్ కూడా తడబడొచ్చు. అప్పుడు ప్రాక్సీలనే చిన్న ప్రోరెస్ నకళ్ళు చేసుకుని, వాటి మీద కత్తెర నడిపి, చివర్లో అసలు ఫైళ్ళను తగిలించడమే తెలివైన పని. మరోవైపు 2021లో ఐఫోన్ 13 ప్రో జేబులోకే ప్రోరెస్‌ను తెచ్చింది. ఆపిల్ లెక్క ప్రకారం నిమిషం హెచ్‌డీకి 1.7 గిగాబైట్లు, 4కేకి 6 గిగాబైట్లు. తలంబ్రాలు పోసుకునే పది నిమిషాలకు 4కేలో 60 గిగాబైట్లన్నమాట. వరుడి తమ్ముడు సరదాగా తీసే వీడియోకు అది దండగ. అదే ఫుటేజీ రంగులు సరిదిద్దే కలరిస్ట్ దగ్గరకు వెళ్తుందంటే దండగ కాదు.

ఇక మిగిలింది బీరువాల్లోని హెచ్‌డీవీ క్యాసెట్లు. 2005కూ 2010కీ మధ్య పెళ్ళిళ్ళయిన ఇళ్ళలో ఇవి చాలానే ఉంటాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్ళు కొందరు నేరుగా ప్రోరెస్‌కు మార్చి, పెద్ద ఫైళ్ళు ఇచ్చి, పెద్ద బిల్లు వేస్తారు. దాచుకోవడానికి అది అనవసరం. ఫైర్‌వైర్ తీగ ద్వారా లాగితే క్యాసెట్ మీదున్న బిట్లు ఒక్కటీ మారకుండా, గంటకు 11 గిగాబైట్ల ఫైలుగా దిగుతాయి. దాన్ని రెండు డిస్కుల్లో దాచి, ఎడిటింగ్ అవసరమైన రోజున మార్చుకుంటే సరిపోతుంది. చిక్కల్లా ఆ తీగ తగిలించే రంధ్రం కొత్త ల్యాప్‌టాప్‌లలో లేకపోవడం, క్యాసెట్ ఆడించే కెమెరాలు తగ్గిపోతుండటం. అటక మీది పాత కెమెరాను పాత సామాన్లవాడికి వేసే ముందు దాంట్లో క్యాసెట్ ఇంకా తిరుగుతోందో లేదో చూసుకోవాలి. తిరిగితే ఒక్కో క్యాసెట్ ఎక్కడానికి దాని నిడివంత సేపు, అంటే గంట పడుతుంది. ఎంత వేగం గల కంప్యూటర్ కొన్నా ఆ గంటను తగ్గించే వీలు లేదు.